కీప్, కెప్ట్, కెప్ట్

ఆగస్టు 5, సోమవారం

ఈరోజు ఏడో తరగతి ముందు నవ్వులపాలయ్యాను. ఒక్క ఇంగ్లిష్ మాట వల్ల.

గో, వెంట్, గాన్ పోయిన వారమే అయిపోయింది. ఈరోజు బోర్డు మీద కీప్, కెప్ట్, కెప్ట్ అని రాసి వెనక్కి తిరిగేసరికి చివరి బెంచీల్లో కిసకిసలు. మోచేతులతో ఒకరినొకరు పొడుచుకుంటున్నారు. ఏమైందంటే ఎవరూ చెప్పరు. చివరికి క్లాసులో ఫస్టు వచ్చే భూమిక లేచి నిలబడింది.

"టీచర్, అది చెడ్డ మాట గదా?"

"ఎవరు చెప్పిండ్రు నీకు?"

"మా వాడకట్టుల ఒకామెను అంటరు టీచర్. ఆమె ఫలానా సేటు కీప్ అని."

క్లాసంతా గొల్లుమంది. నా చెవులు వేడెక్కాయి. డస్టర్ తీసి బల్ల మీద ఠపీమని కొట్టి "కీప్ క్వయిట్!" అని అరిచాను. అరిచాక గానీ తెలియలేదు, ఏ మాట అరిచానో. ఇక వాళ్లను ఆపడం ఎవరి తరం? పక్క క్లాసులో లెక్కలు చెబుతున్న సాయిలత తలుపు దగ్గరికి వచ్చి మరీ చూసింది.

సాయంత్రం కరస్పాండెంట్ గారు పిలిచి, టీచర్‌కు ఓపిక ముఖ్యమమ్మా అన్నారు. ఆయన వెనక గోడ మీద పెద్ద అక్షరాలతో కీప్ సైలెన్స్ అని రాసి ఉంది. ఆయన మాట్లాడినంతసేపూ దాన్నే చూస్తూ నిలబడ్డాను.

సాయిలత, నేను కామారెడ్డిలో ఒకే గదిలో అద్దెకుంటాం. "చిన్నపిల్లలు, ఇడిసిపెట్టు అనిలా" అంది. తనకు మా ఇంటి సంగతి తెలియదు. మా బాపుకు ఎల్లారెడ్డిలో మోటార్ వైండింగ్ దుకాణం ఉండేదని, పక్షవాతం వచ్చి మంచంలో ఉన్నాడని, అమ్మ బీడీలు చుడుతుందని చెప్పాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

ఆగస్టు 6

కాలేజీ రోజుల్లో కొన్న డిక్షనరీ తీశాను. ఈ ఒక్క క్రియకు పేజీన్నర ఇచ్చాడు. ఉంచుకొను. దాచుకొను. పోషించు. కాపాడు. కాపలా కాయు. మాట నిలబెట్టుకొను. చెడిపోకుండా చూడు. చేస్తున్న పని మానకుండా చేస్తూ ఉండు.

మనిషికి మనిషి చేయగలిగిన మంచి పనులు సగం ఇందులోనే ఉన్నాయి. అటువంటి మాటను తెచ్చి మా వైపు జనం ఆడదాని నెత్తిన పెట్టారు. ఏబీసీడీలు రానివాళ్లకు కూడా ఈ ఒక్క ఇంగ్లిష్ ముక్క వచ్చు. క్రియాపదాన్ని పట్టుకొని నామవాచకం చేశారు, అదీ తిట్టు. మరి ఉంచుకున్న మగవాడికి ఏం పేరు పెట్టారు? ఏమీ పెట్టలేదు. లింగంపేటలో భార్య పోచవ్వ, కొడుకు దివాకర్ ఉండగా, ఎల్లారెడ్డిలో దుకాణం వెనక గదిలో మా అమ్మ భూమక్కతో కాపురం పెట్టినవాడు బాపు. ఆయనను సిద్దిరాములన్నా అన్నారు, కూర్చోబెట్టి చాయ్ పోశారు, మోటారు కాలిపోతే బండి మీద ఎక్కించుకొని పోయారు. పేరు మాత్రం అమ్మకు వచ్చింది.

నోటితో అవ్వా అని పిలుస్తాను. కలం పడితే అమ్మ అని వస్తుంది. బడి చదువు చేసిన పని.

ఆగస్టు 11, ఆదివారం

నిన్న ఎల్లారెడ్డి వచ్చాను. కామారెడ్డి బస్సు లింగంపేట మీదుగానే పోతుంది. అక్కడ బస్సు ఆగినప్పుడు నేను కిటికీలోంచి చూడను. ఆడవాళ్లకు ఊరికే ఇచ్చే జీరో టికెట్ మీది అక్షరాలు చదువుతాను. ఇన్నేళ్లుగా అంతే.

పొద్దున అమ్మ బాపుకు తినిపిస్తోంది. తల కింద రెండు దిండ్లు. మెత్తగా పిసికిన ముద్దను మంచిగున్న చెంప వైపు పెడుతుంది. తర్వాత గదవ కింద, గడ్డానికీ గొంతుకూ మధ్య, రెండు వేళ్లతో మెల్లగా తడుతుంది. "మింగు... మింగు... గట్ల" అంటుంది. గొంతు కదిలాకే మరో ముద్ద. మూడేళ్ల నుంచి పూట పూటకూ ఇదే. ఆ తర్వాత బట్టలు మార్చడం, పండబెట్టడం, మిగిలిన పొద్దంతా బీడీల చేట.

అప్పుడే దివాకర్ వచ్చాడు. మస్కట్ నుంచి వచ్చి చాలా రోజులైందట, ఇన్నాళ్లకు తండ్రి గుర్తొచ్చాడు. గడప అవతలే నిలబడ్డాడు. అతను అమ్మను ఏమనీ పిలవడు. ఏ పిలుపూ లేకుండా మాట మొదలుపెట్టడం చిన్నప్పటి నుంచీ నేర్చుకున్నాడు.

"ఇల్లు అయిపోయింది. శ్రావణంలనే గృహప్రవేశం. బాపును తోల్కపోత."

అమ్మ ముద్ద కలుపుతూనే, "మంచిదే. కొడుకు కట్టిన ఇల్లు సూడాలె గద. మల్ల ఎప్పుడు తోల్కస్తవ్?" అంది.

"తోల్కచ్చుడేంది? ఇగ ఆడనే ఉంటడు. సొంత ఇల్లుండంగ ఈడెందుకు?"

నేను ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు.

"పడిపోయిన నాడు ఏడ వోయిండ్రు మీరంత?"

"నేను మస్కట్ల ఉన్న. నీకు తెల్వదా?"

"మీ అవ్వ సుత మస్కట్లనే ఉన్నదా?"

అతని మొహం మాడిపోయింది. పోచవ్వ ఆస్పత్రికి వచ్చింది, రాలేదని కాదు. ఒక్క పూట. బాపు మూతి వంకర చూసి, ఇన్నేండ్లు ఎవతి సోకు చేసుకున్నదో ఇగ గదే చేసుకుంటది అని వార్డంతా వినేలా అని పోయింది. అప్పుడు అమ్మ బెడ్ పక్కన నేల మీద కూర్చొని ఉంది.

"గా పాత ముచ్చట్లు ఇప్పుడెందుకు?" అన్నాడు దివాకర్. "ఊర్లె తలెత్తుకోనిస్తలేరు. కొడుకేమో బంగ్లా కట్టిండు, తండ్రేమో కీప్ ఇంట్ల పడి ఉన్నడని అంటున్నరు."

అమ్మ ఎదురుగా అన్నాడు. నేను అమ్మ ముఖం చూశాను. వేళ్లు బాపు గదవ కింద తడుతూనే ఉన్నాయి. "మింగు" అంది. బాపు మింగాడు.

పెద్దమనుషుల్లో పెడతానని చెప్పి దివాకర్ పోయాడు. నేను గిన్నెలు తోముతూ అన్నీ సొట్టలు పడేలా తోమాను. అమ్మ ఒక్క మాట మాట్లాడదు. ఆమె మాట్లాడకపోవడం చూస్తే నాకు ఇంకా మండుతుంది.

ఆగస్టు 12

ఆయన లింగంపేటలో ఉంటే ఏమిటి, ఎల్లారెడ్డిలో ఉంటే ఏమిటి. అమ్మకు కాస్త నడుము వాల్చే తీరిక దొరుకుతుంది. నాకైతే ఏ సంబంధమూ లేదు.

ఆగస్టు 14

నేను ఇంటర్‌లో చేరిన రోజు కామారెడ్డి బస్టాండులో బాపు నా పెట్టె పట్టుకొని ముందు నడుస్తున్నాడు. లింగంపేట వాళ్లు ఎదురుపడ్డారు. "ఈ పోరి ఎవలు సిద్దిరాములూ?" అని అడిగారు. బాపు పెట్టె కింద పెట్టాడు. "మా దుకాణంల పనిచేసే ఆమె బిడ్డ" అన్నాడు. వాళ్లు పోయాక నాకు మిర్చి బజ్జీలు కొనిచ్చాడు. నేను తిన్నాను కూడా.

అది నేనెప్పుడో మర్చిపోయాను. ఇప్పుడెందుకు రాశానో తెలియదు.

ఆగస్టు 18, ఆదివారం

కోపంతోనే రాస్తున్నాను. అక్షరాలు ఎలా పడుతున్నాయో అలానే పడనీ.

మా కులపెద్ద బాలమల్లు ఇంటి అరుగు మీద కూర్చోబెట్టారు. అటు దివాకర్, పోచవ్వ. ఇటు అమ్మ, నేను. చాయ్‌లు తాగారు. వరి నాట్ల గురించి మాట్లాడారు. ఆ తర్వాత బాలమల్లు గొంతు సవరించుకున్నాడు.

"భూమక్కా, నువ్వు చేసిన సేవ మాకు తెల్వదా? కని న్యాయం న్యాయమే. లగ్గం చేసుకున్న పెండ్లాం ఉన్నది, కొడుకున్నడు. ఉంచుకున్నదానికి హక్కేముంటది, నువ్వే చెప్పు?"

ఎంత మర్యాదగా అన్నాడని! మంచినీళ్లు కావాలా అని అడిగినంత మెత్తగా అన్నాడు. అరుగు మీద ఒక్కరికీ అది తిట్టు అనిపించలేదు. నేను లేవబోతే అమ్మ నా మోకాలు గట్టిగా అదిమిపట్టింది.

"హక్కు అడుగుతలేను పెదబాపూ," అంది అమ్మ. "ఆయనకు తినుడు రాదు. ఊకె పెడితే పొలమారుతది. నాల్రోజులు నేనొస్త. ఎట్ల పెట్టాల్నో పోచవ్వక్కకు సూపిచ్చి వస్త."

పోచవ్వ కొంగు మూతికి అడ్డం తీసింది. "నా గృహప్రవేశంల నువ్వెందుకు? నాకు అన్నం పెట్టుడు రాదా? పిల్లలను సాదలేదా నేను?"

"సాదినవ్ అక్కా. కని ఇది వేరే."

"నువ్వు నాకు సూపియ్యాల్నా?"

బాలమల్లు చెయ్యెత్తి ఇద్దరినీ ఆపాడు. భూమక్క ఆ ఇంటి గడప తొక్కొద్దు, పెద్దాయన కొడుకు దగ్గరే ఉండాలి, తీర్పు అయిపోయింది. అమ్మ లేచి నిలబడింది. "అయితే తోల్కపోండ్రి" అంది. కొట్లాడదేం? ఒక్కసారి కొట్లాడితే ఏం పోతుంది? నాకు దివాకర్ మీద కంటే అమ్మ మీదే ఎక్కువ కోపం వచ్చింది.

తర్వాత మా ఇంటి దగ్గర ఆటో ఎక్కించేటప్పుడు బాపు మంచిగున్న చేత్తో అమ్మ కొంగు పట్టుకున్నాడు. దివాకర్ ఆ వేళ్లను ఒక్కొక్కటీ విప్పాడు. "ఊ, ఊ" అన్నాడు బాపు. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆయనకు మిగిలింది ఆ ఒక్క శబ్దమే. అమ్మ నలిగిన కొంగును సర్దుకోలేదు.

చెప్పాల్సిన మాట తిరుగు బస్సులో తట్టింది. వండినది అంటే ఎవరు? వండిన మనిషి. పాడినది అంటే పాడిన మనిషి. మరి ఉంచుకున్నది అంటే? ఉంచుకున్న మనిషే కదా! ఆ పని చేసింది ఆమె అని కదా! తిడుతున్నామనుకుంటూ ఇన్నేళ్లుగా వాళ్లు నిజమే చెబుతున్నారు. ఇది ఆ అరుగు మీద చెప్పి ఉంటే, చదువుకున్నదాన్ని కదా, నా ముఖం మీదే నవ్వేవాళ్లు. నవ్వినా చెప్పాల్సింది.

మా ముందు పోతున్న లారీ వెనక కీప్ డిస్టెన్స్ అని రాసి ఉంది. లింగంపేట దాటేదాకా అదే చూస్తూ వచ్చాను.

ఆగస్టు 19

రాఖీ. సెలవు. సాయిలత వాళ్ల అన్నకు కట్టడానికి ఊరెళ్లింది. బజారంతా రాఖీలే. నాకేం పని.

ఆగస్టు 22

అమ్మ ఫోన్ చేసింది. పొద్దున అలవాటుగా అన్నం మెత్తగా పిసికిందట. పిసికాక గుర్తొచ్చిందట.

"మరి ఏం జేసినవ్?"

"నేనే తిన్న. ఏం జేస్త?"

వెనక పక్కింటి రామవ్వ వాళ్ల టీవీ వినపడుతోంది. ఉన్నట్టుండి, "బిడ్డా, గా కీప్ అంటే అసలు అర్థం ఏందే?" అంది.

అమ్మ నోట ఆ మాట వినడం అదే మొదలు. డిక్షనరీలో ఉన్నవన్నీ వరసగా చెప్పాను. ఉంచుకునుడు, సాదుడు, కాపాడుడు, పాడుకాకుండ సూసుకునుడు, ఇడువకుండ చేసుకుంట పోవుడు.

"గివన్ని ఒక్క మాటలనే ఉన్నయా?"

"ఉన్నయి అవ్వా."

"మంచి మాటనే గదనే మరి!"

బస్సులో తట్టింది కూడా చెప్పాను. వండినది, పాడినది, ఉంచుకున్నది. అమ్మ విని, "నువ్వు గివన్ని బడిల పోరగాండ్లకు చెప్పు" అని పెట్టేసింది. నవ్విందో, ముక్కు చీదిందో తెలియలేదు.

ఆగస్టు 24, శనివారం

బస్సు లింగంపేటలో ఆగింది. నేను చూడలేదు. నిన్న గృహప్రవేశం అయిందట, షామియానా ఇంకా విప్పలేదు. మామిడాకులు వాడిపోయాయి. గేటుకు వంకాయ రంగు వేశారు, ఎవరు ఎంచారో గానీ రంగు బాగాలేదు. మెట్లు ఎత్తుగా ఉన్నాయి. మంచాన ఉన్న మనిషిని అంత ఎత్తు మెట్లు ఎలా ఎక్కించారో.

ఆగస్టు 28

మధ్యాహ్నం ఇంటర్వెల్‌లో స్కూల్ గేటు దగ్గరికి దివాకర్ వచ్చాడు. మనిషి చిక్కాడు. గడప అవతల నిలబడ్డ రోజు ఉన్న బింకం లేదు.

"బాపు తింటలేడు," అన్నాడు. "నోట్లె పెడితే దగ్గుడు, ఉమ్ముడు. రోజూ ఇంత జావ పోతున్నది లోపలికి, అది గూడ సగం బయటికే. డాక్టరు ముక్కుల కెళ్లి పైపు ఏస్తనంటుండు. ఏస్తే ఎన్నాళ్లో అంటుండు. మీ అవ్వను జర పంపు."

గుండె జారిపోయింది. అది ముందు రాయాలి. తర్వాత వచ్చింది కోపం.

"ఏమని పిలుస్తవ్ మా అవ్వను?"

"ఏంది?"

"మీ ఇంటికి తీస్కపోయినంక ఏమని పిలుస్తవ్ అంటున్న. ఓ అంటవా? ఏయ్ అంటవా? కీప్ అంటవా? పిలుపు చెప్పు, పంపుత."

లోపల పిల్లలు అరుస్తున్నారు. "మనిషి సచ్చేటట్టున్నడు, నీకు పిలుపులు కావాల్నా?" అన్నాడు చివరికి.

"మీ బాపు, మీ బంగ్లా. మీరే ఉంచుకోండ్రి."

అనేశాను. అంతే విసురుగా వెనక్కి తిరిగి వచ్చాను. స్టాఫ్ రూంలో కూర్చున్నాను. సాయిలత నీళ్లిచ్చింది. ఎవరతను అని అడిగింది. "మా అన్న" అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది.

ఆగస్టు 29

అమ్మకు చెప్పలేదు. సిగ్నల్ లేదు.

ఆగస్టు 30

సిగ్నల్ లేదు.

ఆగస్టు 31, శనివారం

సిగ్నల్ ఉంది. రెండు రోజులూ ఉంది.

బడి వదలగానే బస్సెక్కాను. వాన మొదలైంది. ఫోన్‌లో చెప్పే మాట కాదని నాకు నేనే చెప్పుకున్నాను. అమ్మ ముందు కూర్చొని ఉన్నదున్నట్టు చెప్పాను. చేటలో తునికాకు కత్తిరిస్తున్న కత్తెర ఆగింది. అమ్మ నన్ను చూసిన చూపు నేను ఎప్పుడూ చూడలేదు.

"మనిషి ఆకలితోని ఉంటే పిలుపుల పంచాయితి పెట్టినవా?"

"నిన్ను ఆ మాట అన్నడు అవ్వా, ఈ ఇంట్లనే నిలబడి..."

"నన్ను అన్నడు. నిన్ను అనలే. నేను ఓర్సుకున్న. నీకేమొచ్చింది? మూడు దినాలు ఎందుకు చెప్పలే?"

"సిగ్నల్..."

"మన్ను సిగ్నల్!"

తిట్టింది. కడుపునిండా తిట్టింది. అన్నీ నిజమే. ఆ తర్వాత దివాకర్‌కు ఫోన్ కలపమంది. స్పీకర్ పెట్టాను.

"దివాకరూ, నేను భూమక్కను. నేను మీ ఇంటికి రాను. పెద్దమనుషులు తొక్కొద్దన్న గడప నేను తొక్క. ఆయననే ఈడికి తోల్కరా. రేపో మాపో కాదు, వాన జర తగ్గంగనే. మీ అవ్వను సుత తోల్కరా, ఆమెతోని పని ఉన్నది."

అటునుంచి కూడా వాన చప్పుడు వినిపిస్తోంది. "సరే" అన్నాడు.

సెప్టెంబర్ 2, సోమవారం

నిన్నంతా వాన తగ్గలేదు. అమ్మ గుమ్మంలో కూర్చొని రోడ్డు చూస్తూనే ఉంది. నేను పక్కనే ఉన్నాను, ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆయనకేమైనా అయితే నన్ను నేను ఏం చేసుకోవాలో తెలియలేదు.

ఈరోజు బడికి సెలవు ఇచ్చారు. పొద్దున కాస్త తెరిపి ఇచ్చింది, ఆటో వచ్చింది. అది మా ఇంటి ముందు ఆగేసరికి మళ్లీ దంచడం మొదలుపెట్టింది. వెనక సీట్లో బాపు, ఆయన్ను పట్టుకొని పోచవ్వ. చెంపలు లోపలికి పోయాయి. గడ్డం పెరిగింది. ఉన్నాడు. ఊపిరి పీలుస్తున్నాడు. నేను ముందు అదే చూశాను.

వాడకట్టంతా గుమ్మాల్లోకి వచ్చింది. పక్కింటి రామవ్వ గొడుగు కూడా మర్చిపోయి అరుగు దిగింది.

పోచవ్వ కొంగు నెత్తిన కప్పుకొని దిగింది. గృహప్రవేశానికి కొన్న చీరేమో, అంచు బురదలో పడింది. అమ్మ గుమ్మంలో నిలబడింది. పక్కకు జరగలేదు.

"మాతోని అయితలేదు భూమక్కా," అంది పోచవ్వ. "నోట్లె పెడితే ఉమ్ముతడు. నా మొఖం సూస్తెనే మూతి తిప్పుకుంటడు. నీ దండం పెడ్త. నువ్వే ఉంచుకో."

"ఏమన్నవ్ అక్కా?"

"నువ్వే ఉంచుకో అంటున్న."

అమ్మ గొంతు పెద్దది చేసి బయట మాట్లాడగా నేను వినడం ఇదే మొదలు.

"ఇన్నేండ్లు నన్ను ఏమన్నవ్? నల్ల కాడ ఏమన్నవ్? అంగట్ల ఏమన్నవ్? ఉంచుకున్నది అన్నవ్. ఇంగిలీషుల సుత అన్నవ్. నా బిడ్డ బడికి పోతుంటే దాని ఎనుక అన్నవ్. ఇయ్యాల నా ఇంటి ముందటికొచ్చి నువ్వే ఉంచుకో అంటున్నవ్. అయితే చెప్పు. ఎవలు ఎవలను ఉంచుకున్నరు?"

"బాపు తడుస్తున్నడు," అన్నాడు దివాకర్.

"ఆటోల ఉన్నడు, తడవడు. మీ అవ్వను చెప్పనీ."

పోచవ్వ నేల చూసింది. వాన నీళ్లు ముక్కు మీదుగా కారుతున్నాయి. "నువ్వే" అంది.

"రామవ్వకు ఇనబడలే."

"నువ్వేనే! ఆయన నిన్ను ఉంచుకునుడు కాదు, నువ్వే ఆయనను ఉంచుకున్నవ్! మూడేండ్లు పానం పోకుంట ఉంచినవ్. నాతోని మూడు వారాలు కాలే. సాలునా? ఇంకా అనాల్నా?"

అని పోచవ్వ వానలో నిలబడే భోరుమంది. రామవ్వ కూడా ముక్కు తుడుచుకుంది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది, ఏడుపొచ్చింది, రెండూ చేయలేదు. పెద్దమనుషులంతా కూర్చొని చాయ్ తాగి తేల్చలేనిది మా ఇంటి ముందు తేలిపోయింది.

"సాలు," అంది అమ్మ. పక్కకు జరిగింది. "లోపలికి తేండ్రి. నువ్వు గూడ రా అక్కా, తడుస్తున్నవ్."

అన్నం ముందే పిసికి పెట్టి ఉంది. దివాకర్, నేను చెరోవైపు పట్టుకొని బాపును మంచం మీద పడుకోబెట్టాం. తల కింద రెండు దిండ్లు. అమ్మ మంచిగున్న చెంప వైపు ముద్ద పెట్టింది. బాపు దాన్ని అలాగే ఉంచుకొని అమ్మను చూశాడు. చేత్తో తడుముకొని కొంగు పట్టుకున్నాడు. ఈసారి ఆ వేళ్లు ఎవరూ విప్పలేదు.

అమ్మ పోచవ్వ చెయ్యి లాగి, రెండు వేళ్లు బాపు గదవ కింద పెట్టించింది. "గట్టిగ కాదు. జోకొట్టినట్టు. ఆ, గట్ల. నోటితోని అను."

"మింగు," అంది పోచవ్వ. "మింగు."

బాపు గొంతు కదిలింది.

దివాకర్ గుమ్మంలోనే నీళ్లు కారుతూ నిలబడి ఉన్నాడు. "చిన్నమ్మా," అన్నాడు, "టవల్ ఉన్నదా?"

అమ్మ తల తిప్పకుండానే దండెం మీది టవల్ అందుకొని వెనక్కి విసిరింది. ఆమె విన్నదో లేదో తెలియదు. నేను విన్నాను. పోచవ్వ సాయంత్రం బస్సుకు పోతానంది, పోలేదు.

సెప్టెంబర్ 5

టీచర్స్ డే. పిల్లలు గులాబీలు తెచ్చారు. గులాబీలు బల్ల మీద పెట్టి, బోర్డు మీద మళ్లీ కీప్, కెప్ట్, కెప్ట్ అని రాశాను. వెనక బెంచీల్లో కిసకిసలు మొదలయ్యాయి. నవ్వనిచ్చాను. నవ్వడం అయ్యాక ఒక్కో అర్థం చెప్పి, ఒక్కో వాక్యం రాయమన్నాను.

భూమిక లేచి, "టీచర్, మా నాయనమ్మ నేను బడికెళ్లి వచ్చేదాక నాకోసం అన్నం తీసి పెడ్తది. గది కీప్ అయితదా?" అంది.

"అదే అయితది" అన్నాను.

"మరి మా వాడకట్టుల ఆమె?"

"ఆమెను ఏమని పిలుస్తవ్ నువ్వు?"

"ఏమనీ పిలువ టీచర్."

"అత్తా అని పిలువు" అన్నాను. ఎవరైనా కంప్లైంట్ చేస్తే చేయనీ. కరస్పాండెంట్ గారికి కూడా ఈ క్రియ అర్థాలు చెబుతాను.

మొన్న బస్సెక్కించడానికి వచ్చినప్పుడు అమ్మ నా చెయ్యి పట్టుకొని, "బాపు మీద కోపం మనసుల ఉంచుకోకు బిడ్డా" అంది. ఆమెకు ఎలా తెలుసో. బస్టాండు సంగతి నేను ఎప్పుడూ చెప్పలేదు. సరే అవ్వా అన్నాను. బస్సు లింగంపేటలో ఆగినప్పుడు కిటికీలోంచి చూశాను. గేటు రంగు నిజంగానే బాగాలేదు.

కానీ ఇక్కడ అబద్ధం రాయను. అది నేను మర్చిపోలేదు. ఒక్కరోజు కూడా మర్చిపోలేదు. దుకాణంలో పనిచేసే ఆమె బిడ్డనట. అమ్మ పరువు పోచవ్వ నోటితో తిరిగొచ్చింది. నాది ఆ ఊ, ఊ అనే నోట్లో ఇంకా అలాగే ఉంది. వారం వారం పోతాను. ముద్ద పెడతాను, గదవ కింద తడతాను, మూతి తుడుస్తాను. ఆయన ఎప్పుడో ఒకప్పుడు నోరు తిరిగి, పదిమందిలో నన్ను చూపించి నా బిడ్డ అనేదాకా ఈ కోపాన్ని నేను ఉంచుకుంటాను. పాడుకాకుండా చూసుకుంటాను.

అందుకోసమైనా ఆయన బతకాలి.